బోర్డు ఎక్కే ముందు గాలిని చూడండి

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్‌ల నుంచి చదువుకనో ఉద్యోగానికనో ఇంగ్లండ్ దక్షిణ తీరానికి వెళ్ళే తెలుగు పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. నేను పూల్ పట్టణంలో నర్సుగా పనిచేసి వచ్చానని తెలిసినవాళ్ళు ఇంటి అద్దెల గురించి, చలి గురించి అడిగి, చివర్లో కొంచెం మొహమాటంగా ఇంకో మాట అడుగుతారు. అక్కడ సముద్రం మీద బోర్డుపై నిలబడి తెడ్డు వేసుకుంటూ వెళ్తారట, ప్యాడిల్‌బోర్డింగ్ అంటారట, మనం నేర్చుకోగలమా అని. నేర్చుకోగలరు. ఇక్కడే మొదలుపెట్టి అక్కడ కొనసాగించవచ్చు. మా అక్క కొడుకు ఈ సెప్టెంబరులో బోర్న్‌మత్ వెళ్తున్నాడు. వాడికి చెప్పినవి ఒకచోట రాసి పెడితే మిగతావాళ్ళకూ పనికొస్తాయి.

ముందు ఒక మాట. పూల్, బోర్న్‌మత్‌లు ఉన్న డోర్సెట్ తీరం చూడదగ్గ చోటు. పక్కనున్న డెవన్‌లోని ఎక్స్‌మత్ దగ్గర మొదలై డోర్సెట్‌లోని స్టడ్‌ల్యాండ్ దాకా 155 కిలోమీటర్ల మేర సాగే ఆ తీరాన్ని జురాసిక్ కోస్ట్ అంటారు. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సుమారు 18.5 కోట్ల సంవత్సరాల భూమి చరిత్ర ఆ కొండల్లో పొరలు పొరలుగా కనిపిస్తుంది. రోడ్డు మీద నుంచి చూస్తే అది ఒక దృశ్యం మాత్రమే. బోర్డు మీద నిలబడి, సుద్ద కొండ పక్కనుంచి నెమ్మదిగా తెడ్డు వేస్తూ వెళ్తుంటే కాళ్ళ కింద నీళ్ళలో సముద్రపు గడ్డి ఊగుతూ కనిపిస్తుంది, తలెత్తితే కొండ అంచున పక్షుల అరుపులు వినిపిస్తాయి. ఆ ఆనందం మన పిల్లలకు దక్కాలని నా కోరిక. దక్కాలంటే ముందు గాలి గురించి తెలుసుకోవాలి.

గాలి

మాది గోపాల్‌పూర్‌లో వేటకు వెళ్ళే ఇల్లు. నాన్న ఒడ్డుకు చేరగానే కెరటాల వైపు చూసేవాడు కాదు. వంగి పిడికెడు పొడి ఇసుక తీసి, భుజం ఎత్తు నుంచి సన్నగా వదిలేవాడు. ఇసుక ఎటు పోతుందో, ఎంత దూరం పోతుందో చూశాకే నీళ్ళ వైపు తిరిగేవాడు. బోర్డు మీద వెళ్ళే ప్రతి ఒక్కరూ మొదట నేర్చుకోవలసింది ఇదే. నీళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నాయో మాత్రమే చెబుతాయి, కాసేపట్లో మిమ్మల్ని ఎటు తీసుకుపోతుందో గాలి చెబుతుంది.

సముద్రం మీద నుంచి ఒడ్డుకు గాలి వీస్తే కెరటాలు లేస్తాయి. చూడగానే భయం వేస్తుంది, ఎవరూ దిగరు. అది మంచిదే. నేల మీద నుంచి సముద్రం వైపు గాలి వీచినప్పుడే మోసం. ఒడ్డు పక్కన నీళ్ళు కదలకుండా ఉంటాయి, కొండలూ చెట్లూ గాలిని ఆపుతుంటాయి. కొత్తవాళ్ళు ఇంత ప్రశాంతంగా ఉందే అనుకుని దిగుతారు. ముందుకు వెళ్ళడం ఎంతో సులువుగా అనిపిస్తుంది, ఎందుకంటే వెనకనుంచి గాలి తోస్తోంది. రెండు వందల మీటర్లు దాటి కొండ చాటు తప్పిపోగానే అసలు గాలి తగులుతుంది. అప్పుడు వెనక్కి తిరిగితే ఎంత తెడ్డు వేసినా ఒడ్డు దగ్గరకు రాదు. నిలబడిన మనిషి ఒంటికి గాలి తెరచాపకు తగిలినట్టే తగులుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి వెళ్ళలేరు, అదీ గాలి లేనప్పుడు.

ఇంగ్లండ్‌లో ఎక్కువ రోజులు వీచేది నైరుతి గాలి, పడమటి గాలి. బోర్న్‌మత్ నుంచి మనవాళ్ళు బోర్డు వేసుకెళ్ళగల స్టడ్‌ల్యాండ్ తీరం తూర్పు ముఖంగా ఉంది. కాబట్టి అక్కడ మామూలుగా వీచే గాలే మిమ్మల్ని సముద్రం లోపలికి తోసే గాలి. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోమని మా వాడితో రెండుసార్లు చెప్పించుకున్నాను. "తీరం చూస్తే ఏమీ లేనట్టు ఉంటుంది కదా పిన్నీ, మరి ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. దూరంగా చూడాలి. ఒడ్డు దగ్గర నునుపుగా ఉన్న నీటికీ, అవతల ముదురు రంగులో గరుకుగా ఉన్న నీటికీ మధ్య ఒక గీత కనిపిస్తుంది. గాలి నీటిని ముట్టుకుంటున్న చోటు అది. గీత అవతల తెల్లటి నురగ తలలు అక్కడక్కడా కనిపిస్తున్నాయంటే కొత్తవాళ్ళు ఆ రోజు ఒడ్డునే ఉండాలి. లంగరు వేసిన పడవలను కూడా చూడండి. వాటి ముక్కులు సాధారణంగా గాలి వచ్చే వైపుకు తిరిగి ఉంటాయి. అవన్నీ నేల వైపు చూస్తున్నాయంటే గాలి మిమ్మల్ని సముద్రంలోకి తోస్తుందన్నమాట.

మన గోపాల్‌పూర్ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది. చలికాలం తెల్లవారుజామున నేల మీద నుంచి గాలి వీస్తుంది, పొద్దెక్కాక సముద్రం మీద నుంచి తిరుగుతుంది. తెరచాప తెప్పల రోజుల్లో పెద్దలు ఆ నేలగాలితో లోపలికి వెళ్ళి, సముద్రపు గాలితో ఇంటికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు తెరచాప ఉంది, దాన్ని వాడే విద్య ఉంది. మీ బోర్డుకు ఆ రెండూ లేవు. అందుకని వాళ్ళు వెళ్ళారు కదా అని నేలగాలిలో బయలుదేరకండి.

అంకెలు కావాలంటే ఇవి. గాలి వేగం గంటకు 10 మైళ్ళు, అంటే 16 కిలోమీటర్లు దాటుతుందని ఉంటే మొదటి ఏడాది దిగవద్దు. ఇంగ్లండ్ వాతావరణ సూచనల్లో వేగాన్ని కొన్నిచోట్ల మైళ్ళలో, కొన్నిచోట్ల నాట్లలో ఇస్తారు. ఒక నాటు గంటకు 1.85 కిలోమీటర్లు. సగటు వేగంతో పాటు ఉండి ఉండి విసిరే గాలి వేగం కూడా చూడండి, మనిషిని పడేసేది అదే. అక్కడి మెట్ ఆఫీస్ తీర ప్రాంతాలకు విడిగా సూచన ఇస్తుంది. ఇక్కడైతే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు గురించి రోజూ చెబుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో అది చూడకుండా మన తీరాన నీళ్ళలో అడుగు పెట్టవద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది మన గోపాల్‌పూర్ దగ్గరే కదా. తుఫాను ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే దాని అలలు ముందు వచ్చేస్తాయి.

ఇంకో సూత్రం. ఎప్పుడైనా మొదట గాలికి ఎదురుగా వెళ్ళండి. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే కష్టమైన సగం అయిపోతుంది, అలసిపోయాక గాలే ఇంటికి చేరుస్తుంది.

సరంజామా

గాలి నింపే బోర్డులే కొత్తవాళ్ళకు మేలు. పది అడుగుల ఆరు అంగుళాల పొడవు, 32 లేదా 33 అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల మందం ఉంటే మామూలు బరువున్న మనిషికి సరిపోతుంది. 90 కిలోలు దాటినవాళ్ళు 11 అడుగులకు పైబడింది తీసుకోవాలి. సన్నటి బోర్డు వేగంగా వెళ్తుంది, అందంగా ఉంటుంది, నిలబడనివ్వదు. గాలి ఎంత నింపాలో వాల్వు పక్కనే రాసి ఉంటుంది, చాలావాటికి 12 నుంచి 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). పంపు మీటరు ముల్లు మొదట్లో కదలదు. పాడైందేమోనని ఆపేయకండి, బోర్డు నిండుతున్న కొద్దీ కదలడం మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రతి తోపూ బరువే, కానీ అసలు బిగువు వచ్చేది ఆ చివరి తోపుల్లోనే. సగం నింపిన బోర్డు మనిషి నిలబడగానే నడుము దగ్గర కుంగుతుంది, ఇక తిన్నగా పోదు. వెనక అడుగున తగిలించే ఫిన్ అనే రెక్క వంపు తోక వైపు చూడాలి.

తెడ్డు మీ ఎత్తు కంటే ఓ జానెడు ఎక్కువ పొడవుండాలి, అంటే 20 నుంచి 25 సెంటీమీటర్లు. ఇక్కడ అందరూ తడబడే సంగతి ఒకటుంది. ఆ తెడ్డు కాడకూ పలకకూ మధ్య చిన్న వంపు ఉంటుంది. ఆ వంపుతో నీళ్ళను తోడుకోవాలని చెయ్యి దానంతట అదే అనుకుంటుంది, కానీ పట్టుకోవలసింది దానికి తిరగేసి. నీళ్ళలో దించినప్పుడు పలక బోర్డు ముక్కు వైపు వాలి ఉండాలి. అలా పడితే తెడ్డు లాగినంతసేపూ పలక నీటిలో నిటారుగా ఉండి బోర్డును ముందుకు నడుపుతుంది. తిరగేస్తే నీళ్ళను పైకి ఎత్తుతుంది, భుజాలు నొప్పి పెడతాయి తప్ప దూరం సాగదు. తెప్ప మీద వాడే తెడ్డు తిన్నగా ఉండేది కాబట్టి నాన్నకు ఈ తేడా వింతగా అనిపించింది. చేతిలోకి తీసుకుని రెండు వైపులా వేసి చూసి, సరే అన్నాడు.

లైఫ్ జాకెట్ లేకుండా వెళ్ళవద్దు. ఈత వచ్చినవాళ్ళకు 50 న్యూటన్ల (తేల్చే బలానికి కొలత) రకం సరిపోతుంది, చేతులు స్వేచ్ఛగా ఆడతాయి. అది తేలడానికి సాయం చేస్తుంది గానీ, స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పదు. ఈత రానివాళ్ళు ముందు ఈత నేర్చుకోవాలి. బట్టలతో యాభై మీటర్లు ఈదగలిగాకే బోర్డు అని మా వాడికి షరతు పెట్టాను. అమ్మాయిలు ఈత దుస్తుల గురించి బిడియపడి ఆగిపోనక్కరలేదు. ఇంగ్లండ్‌లో చలి నీళ్ళ కోసం మెడ నుంచి చీలమండల దాకా కప్పే వెట్‌సూట్ వేసుకుంటారు, దాని మీద చొక్కా వేసుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ సాధన చేసేటప్పుడు ఒంటికి పట్టే లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్టు చాలు. చున్నీ, వదులు పైజామా మాత్రం వద్దు, తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటాయి.

ఇక లీష్ అనే తాడు. మనిషినీ బోర్డునూ కలిపి ఉంచేది అదే. పడినప్పుడు గాలికి బోర్డు కొట్టుకుపోకుండా ఆపుతుంది. మిమ్మల్ని తేల్చి ఉంచే వస్తువు మీ బోర్డే కాబట్టి సముద్రంలో దాన్ని ఎన్నడూ వదులుకోకూడదు. సముద్రంలో అయితే పిక్కకో చీలమండకో కట్టుకుంటే చాలు. ప్రవాహం ఉన్న నదిలో మాత్రం కాలికి కట్టుకోవడం ప్రాణాంతకం. తాడు ఏ రాయికో కొయ్యకో తగులుకుంటే నీటి ఉరవడికి వంగి కాలి దగ్గరకు చెయ్యి చాచలేరు. అక్కడ నడుముకు కట్టుకుని, ఒక్క లాగుతో ఊడిపోయే బెల్టు వాడాలి. 2021 అక్టోబరు 30న వేల్స్‌లోని హావర్‌ఫోర్డ్‌వెస్ట్ పట్టణంలో, వానలకు పొంగిన క్లెడావ్ నదిలో బోర్డుల మీద వెళ్తున్న బృందం ఆనకట్ట మీదుగా జారిపోయి నలుగురు చనిపోయారు. వాళ్ళు సరదాగా బయలుదేరినవాళ్ళే. నదిలో వెళ్ళే ముందు ఆనకట్ట ఎక్కడుందో, వాన ఎంత పడిందో అడగకుండా కదలవద్దు.

ఇక్కడ ఎక్కడ నేర్చుకోవాలి

గోపాల్‌పూర్ బీచిలో కాదు. మనకు ఎంత ప్రియమైన చోటైనా ఇది నిజం. అక్కడ ఒడ్డు నిటారుగా దిగుతుంది, కెరటం ఒడ్డునే విరిగి పడుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. తెప్పల మీద పుట్టి పెరిగినవాళ్ళు దాటగలిగే కెరటాలు అవి. నదుల మొగలు కూడా వద్దు. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, ఋషికుల్య మొగ దగ్గర నీరు సముద్రంలోకి పరుగు తీస్తుంది. పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వేలల్లో వచ్చే తీరం అది. ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ ప్రాంతంలో చేపల వేటకే నిషేధం ఉంటుంది. మనవాళ్ళు పొట్టకూటి వేటే మానుకుంటున్న చోటికి మనం సరదా కోసం వెళ్ళకూడదు.

ఛత్రపురం పక్కన తంపరా సరస్సు మొదటి పాఠాలకు తగిన చోటు. మంచినీళ్ళు, కెరటాలు లేవు, పడితే కళ్ళు మండవు. అక్కడ పడవలు నడిపేవాళ్ళను అడిగి, వాళ్ళు చూపిన చోటే దిగండి. నిలబడడం, తిరగడం, పడి మళ్ళీ ఎక్కడం వచ్చాక రంభ వెళ్ళండి. చిలికా దక్షిణపు కొస అది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉదయపు వేళ నీళ్ళు బాగుంటాయి. గాలితో ఎలా మసలుకోవాలో తంపరా నేర్పదు, చిలికా నేర్పుతుంది. పది గంటలు దాటాక అక్కడ గాలి లేస్తే చిన్న చిన్న అలలు దగ్గర దగ్గరగా వచ్చి బోర్డును కుదుపుతాయి. ఆ కుదుపు స్టడ్‌ల్యాండ్‌లో మీకు పనికొస్తుంది. వలలు పాతిన కర్రల మధ్యకు వెళ్ళకండి. అది ఒకరి జీవనం, పైగా తాడు చిక్కుకుంటుంది. విడిది పక్షుల గుంపు కనిపిస్తే దూరంగా చుట్టి వెళ్ళండి. వేల మైళ్ళు ఎగిరి వచ్చిన పక్షిని లేపితే అది మళ్ళీ బలం ఖర్చు పెట్టాలి.

నిలబడడం ఇలా. మోకాటి కంటే కొంచెం లోతు నీళ్ళలోకి బోర్డును తీసుకెళ్ళండి, ఫిన్ నేలకు తగలకూడదు. మధ్యలో పట్టుకోవడానికి ఒక పట్టీ ఉంటుంది. దానికి అటూ ఇటూ మోకాళ్ళు పెట్టి కూర్చోండి. అలాగే మోకాళ్ళ మీద ఉండి ఓ పావుగంట తెడ్డు వేయండి, తొందర లేదు. తర్వాత తెడ్డును బోర్డుకు అడ్డంగా పెట్టి, రెండు చేతులూ దాని మీద ఆన్చి, మోకాలు ఉన్న చోటికే ఒక పాదం, తర్వాత రెండో పాదం తెచ్చి లేవండి. పాదాలు పక్కపక్కన, తుంటి వెడల్పు దూరంలో, వేళ్ళు ముందుకు. బస్సులో ఏమీ పట్టుకోకుండా నిలబడ్డప్పుడు మోకాళ్ళు ఎలా వదులుగా పెట్టుకుంటామో అలా పెట్టుకోవాలి. చూపు దూరాన నీళ్ళూ ఆకాశమూ కలిసే చోట ఉండాలి. పాదాల వైపు చూసినవాళ్ళు పడతారు. లేవగానే తెడ్డు నీళ్ళలో దించండి. పలక నీటిలో ఉంటే అది మీకు మూడో కాలు, గాలిలో ఉంటే బరువు.

తెడ్డును కాలి వేళ్ళకు ముందు నీళ్ళలో పూర్తిగా ముంచి, చీలమండ పక్కకు రాగానే బయటకు తీయాలి. అక్కడితో ఆపాలి, వెనకదాకా లాగితే బోర్డు పక్కకు తిరుగుతుంది. పై చెయ్యి తిన్నగా, లాగేది నడుము తిప్పుతూ. చేతులతోనే లాగేవాళ్ళు అరగంటలో అలసిపోతారు. తిరగాలంటే తెడ్డును ముక్కు నుంచి తోక దాకా పెద్ద అర్ధచంద్రంగా తిప్పండి.

పడడం కూడా నేర్చుకోవాలి. బోర్డుకు దూరంగా, నీళ్ళ మీద వెడల్పుగా పడండి, ఎంత లోతుందో తెలియదు కాబట్టి తల ముందుగా వద్దు. మళ్ళీ ఎక్కడానికి తోక వైపో ముక్కు వైపో కాకుండా మధ్య పట్టీ దగ్గరకు రండి. ఒక చేత్తో పట్టీ పట్టుకుని, కాళ్ళను నీటి పైకి తేల్చి, గట్టిగా తన్నుతూ పొట్టను బోర్డు మీదికి లాక్కోండి. కాళ్ళు బోర్డు అడుగుకు వేలాడుతుంటే ఎంత బలవంతుడైనా ఎక్కలేడు. ఊపిరి ఆడనంతగా అలసిపోయాక కూడా ఎక్కగలిగేదాకా దీన్ని సాధన చేయండి. ఇంగ్లండ్ నీళ్ళలో చేతులు మొద్దుబారినప్పుడు కావలసింది ఇదే. గాలి పెరిగితే నిలబడి పోరాడకండి. మోకాళ్ళ మీదికి దిగండి. అదీ చాలకపోతే తెడ్డును పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకుని చేతులతో ఈదండి.

చలి నీళ్ళు

నర్సుగా ఈ భాగం గట్టిగా చెబుతాను. మన బంగాళాఖాతం చలికాలంలోనూ వెచ్చగా ఉంటుంది కాబట్టి చలి నీళ్ళు మనిషిని ఏం చేస్తాయో మనకు అనుభవం లేదు. డోర్సెట్ దగ్గర సముద్రం ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 17, 18 డిగ్రీలకు చేరుతుంది. ఫిబ్రవరి, మార్చిలో 8, 9 డిగ్రీలు ఉంటుంది. నీరు 15 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు హఠాత్తుగా పడితే ఊపిరి మన మాట వినదు. ఒక్కసారిగా నోరు తెరిచి లోపలికి పీలుస్తాం, ఆ క్షణంలో తల నీటిలో ఉంటే నీళ్ళే లోపలికి పోతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. భయంతో ఈదడం మొదలుపెడితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. చేయవలసింది ఈదకుండా ఉండడం. తల వెనక్కి వాల్చి, చెవులు నీటిలో మునిగేలా వెల్లకిలా తేలండి, చేతులు మెల్లగా ఆడించండి. ఒకటి రెండు నిమిషాల్లో ఊపిరి దారికి వస్తుంది. అప్పుడు బోర్డు వైపు కదలండి. సముద్రంలో ఆపదలో పడినవాళ్ళను కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థవాళ్ళు అక్కడ పిల్లలకు మొదట నేర్పేది ఇదే. తంపరాలో ఇప్పుడే సాధన చేయండి.

సెప్టెంబరులో చేరేవాళ్ళకు ఒక అదృష్టం ఉంది. ఏడాదిలోకెల్లా సముద్రం వెచ్చగా ఉండే రోజులు అప్పుడే. అక్టోబరు మొదటి వారాల దాకా వాడుకోండి. తర్వాత మే చివరి దాకా ఆగండి. ఏప్రిల్‌లో ఎండ కాస్తుంది, అందరూ చొక్కాలు విప్పి గడ్డి మీద కూర్చుంటారు, నీళ్ళు మాత్రం ఇంకా చలికాలంలోనే ఉంటాయి.

పోటు, పాటు

దీనికి అమ్మ ఇచ్చి పంపే పంచాంగం కూడా పనికొస్తుంది. అమావాస్య, పున్నమి గడిచిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కేది, పాటు బాగా దిగేది, ప్రవాహాలూ అప్పుడే జోరు. అష్టమి దాటాక మెత్తబడతాయి. చంద్రుడు ఒక్కడే కాబట్టి అక్కడా ఇదే లెక్క. గంటలూ నిమిషాలూ మాత్రం ఆ ఊరి పోటు పట్టికలోనే చూడండి. మన తీరంలో పోటుకూ పాటుకూ తేడా రెండు మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, స్టడ్‌ల్యాండ్‌లోనూ ఇంచుమించు అంతే. పూల్ చుట్టుపక్కల విచిత్రం ఏమిటంటే, పోటు ఒకసారి నిండి, కొంచెం తగ్గి, మళ్ళీ నిండుతుంది. అందువల్ల నిండు నీళ్ళు చాలాసేపు నిలుస్తాయి. బ్రిస్టల్ వైపు చదువుకు వెళ్ళేవాళ్ళు మాత్రం ఈ ధైర్యం పెట్టుకోవద్దు. బ్రిస్టల్ చానెల్‌లో పెద్ద పోటు నాడు తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ తెలిసినవాళ్ళు లేకుండా సముద్రంలోకి వెళ్ళనే కూడదు.

స్టడ్‌ల్యాండ్ నుంచి ఓల్డ్ హ్యారీ దాకా

బోర్న్‌మత్ నుంచి 50వ నంబరు బస్సు ఎక్కండి. శాండ్‌బ్యాంక్స్ దగ్గర బస్సే గొలుసుల వెంట నడిచే పెద్ద పడవ ఎక్కి పూల్ రేవు ముఖద్వారం దాటుతుంది. కిటికీలోంచి ఆ నీళ్ళను బాగా చూడండి. అంత పెద్ద రేవులోని నీరంతా ఆ ఇరుకు దారిలోంచే వస్తూ పోతూ ఉంటుంది, పెద్ద ఓడలూ అటే వెళ్తాయి. అక్కడ బోర్డు దించాలనే ఆలోచన వద్దు. స్టడ్‌ల్యాండ్ ఊళ్ళో దిగి సౌత్ బీచికి నడవండి. ఇసుక చిన్నదే, కానీ కొండకు దగ్గర. వేసవిలో ఆ చుట్టుపక్కల బీచుల్లో బోర్డులు అద్దెకు దొరుకుతాయి. మొదటి కొన్నిసార్లు అద్దెకు తీసుకుని, శిక్షకుడితో కలిసి వెళ్ళండి. స్థానికుడు చెప్పే ఒక్క మాట నేను రాసే పది పేజీలకు సమానం.

తూర్పు గాలి లేకుండా, నైరుతి గాలి కూడా బాగా తక్కువగా ఉండి, నీళ్ళు నిండుగా ఉన్న ఉదయం ఎంచుకోండి. కొండ పక్కనే, ఇరవై ముప్ఫై మీటర్ల ఎడంగా తూర్పుకు సాగండి. మరీ దగ్గరగా వద్దు, సుద్ద రాయి మెత్తన, హెచ్చరిక లేకుండా విరిగి పడుతుంది. బయలుదేరిన చోట నీళ్ళ అడుగున ముదురు ఆకుపచ్చ పచ్చిక కనిపిస్తుంది. సముద్రపు గడ్డి అది. బ్రిటన్‌లో ఉండే రెండు రకాల సముద్రపు గుర్రం చేపలూ అందులో ఉన్నాయి. 2008 నుంచి వాటికి చట్టరక్షణ ఉంది, 2019లో ఆ అఖాతాన్ని సముద్ర సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దాన్ని కాలితో తొక్కకండి, తెడ్డుతో కెలకకండి. కొంచెం ముందుకు వెళ్ళాక అడుగున తెల్ల రాయి మొదలవుతుంది. దానితో నీటి రంగు మారుతుంది, పాల పచ్చ రంగు. ఎండ పడితే ఆ వెలుతురు కింది నుంచి మీ ముఖం మీదికి వస్తుంది. అక్కడ ఆగి మోకాళ్ళ మీద కూర్చోండి. ఫొటోలు తర్వాత తీయవచ్చు.

కిలోమీటరున్నర వెళ్ళాక కొండ తెగి, సముద్రంలో విడివిడిగా నిలిచిన తెల్ల స్తంభాలు కనిపిస్తాయి. చివరి స్తంభం ఓల్డ్ హ్యారీ. దాని పక్కన ఇంకో స్తంభం ఉండేది, ఓల్డ్ హ్యారీ భార్య అనేవాళ్ళు. 1896లో అది కూలిపోయింది, మొదలు మాత్రం మిగిలింది. సముద్రం ఆ కొండను నిత్యం కొరుకుతూనే ఉంది. పగుళ్ళను గుహలుగా, గుహలను కమానులుగా, కమాను పైకప్పు పడిపోయాక స్తంభాలుగా చేస్తుంది. ఆ అంచెలన్నీ మీకు ఒకే చూపులో కనిపిస్తాయి. కమానుల కిందకు మాత్రం వెళ్ళకండి.

ఓల్డ్ హ్యారీ మొదటిసారికి ముగింపు గీత. దాని అవతల మొన దగ్గర పోటు పాటుల ప్రవాహం నీటిని గిలక్కొడుతుంది. ఏ గాలీ లేకుండా నీళ్ళు తమంతట తాము మరుగుతున్నట్టు కనిపిస్తే అది అదే. చుట్టి అవతలి వైపు చూద్దామని అనిపిస్తుంది. కొండ మీద నడక దారి ఉంది, మధ్యాహ్నం నడిచి వెళ్ళి అవతలి వైపు చూడండి. తిరిగి రావడం మొదలుపెట్టే సమయాన్ని బయలుదేరే ముందే నిర్ణయించుకుని, ఒడ్డున ఉన్న స్నేహితుడికి చెప్పి పెట్టండి.

డర్డిల్ డోర్ కమాను అందరికీ ఫొటోల్లో తెలుసు. అక్కడికి లల్‌వర్త్ కోవ్ నుంచి వెళ్తారు గానీ, నైరుతి అలలు నేరుగా తగిలే తీరం, దారిలో దిగడానికి చోట్లు తక్కువ. రెండో వేసవికి పెట్టుకోండి. లల్‌వర్త్‌కు తూర్పున సైన్యం ఫిరంగుల శిక్షణ స్థలం ఉంది, కాల్పుల రోజుల్లో సముద్రం మీద కూడా ప్రమాద ప్రాంతం ఉంటుంది. తేదీలు ముందే ప్రకటిస్తారు. భారీ వాన పడిన తర్వాత ఇంగ్లండ్‌లో ఏ బీచికైనా రెండు రోజులు ఆగి వెళ్ళండి, అలాంటప్పుడు మురుగునీటిని సముద్రంలోకి వదులుతారు.

జెండాలు గుర్తుంచుకోండి. ఎరుపు పసుపు జెండాల మధ్య ఈతగాళ్ళు, అక్కడికి బోర్డు తీసుకుపోకూడదు. నలుపు తెలుపు గళ్ళ జెండాల మధ్య బోర్డులు. నారింజ రంగు గాలి సంచి ఎగురుతుంటే నేల మీద నుంచి గాలి వీస్తోందని అర్థం, గాలి నింపే బోర్డు ఆ రోజు దాని సంచిలోనే ఉండాలి.

సాయం కావలసి వస్తే

ఫోను నీళ్ళు చొరని సంచిలో మెడకో ఒంటికో ఉండాలి, బోర్డుకు కట్టకూడదు. లైఫ్ జాకెట్‌కు ఈల తగిలించుకోండి. ఇంగ్లండ్‌లో 999 చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. మన దేశంలో 112, లేదా ఇండియన్ కోస్ట్ గార్డ్ 1554. ఎక్కడున్నారో, ఎంతమంది ఉన్నారో, ఒడ్డు మీద ఏం కనిపిస్తోందో చెప్పండి. బోర్డును వదిలి ఈదుకుంటూ ఒడ్డుకు రావాలని చూడకండి. పెద్ద బోర్డు దూరం నుంచి కనిపిస్తుంది, మనిషి తల కనిపించదు.

మన పిల్లలు ఫోను చేయడానికి వెనకాడతారని నాకు తెలుసు. డబ్బు కట్టాలేమో, వీసాకు ఇబ్బందేమో అని. రెండూ లేవు. ఆర్‌ఎన్‌ఎల్‌ఐ 1824లో మొదలైన స్వచ్ఛంద సంస్థ, ప్రజల విరాళాలతో నడుస్తుంది, పడవల్లో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది జీతం తీసుకోని ఊరివాళ్ళు. రక్షించినందుకు రుసుము అడగరు. అనుమానం వచ్చిన మొదటి నిమిషంలోనే చేయండి. చేతులు మొద్దుబారాక ఫోను తెర కూడా మీ వేలికి పలకదు.

ఒడ్డుకు రాగానే పొడి బట్టలు, ఫ్లాస్కులో వేడి టీ, డబ్బాలో పులిహోర. తడి ఒంటితో గాలిలో నిలబడి బోర్డు మడవకండి, ముందు మీరు ఆరండి. బోర్డును మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే చుట్టండి. తంపరా దగ్గర మన ఎండలో బిగువుగా నింపిన బోర్డును ఒడ్డున వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విచ్చుకుంటాయి. నీడకు లాగి, వాల్వు కొంచెం వదలండి.